మళ్లీ రీలోడింగ్‌లోకి దిగాను, ప్రెస్ దగ్గరే ఆగిపోయాను

మా ఒహాయోలో రైఫిల్ క్లబ్బులకి వచ్చే తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నేను తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటానని తెలిసిన మనవాళ్లు మాత్రం వెంటనే రెండు ప్రశ్నలు వేస్తారు. చట్టం ఒప్పుకుంటుందా? పేలిపోదా? రెండింటికీ జవాబులున్నాయి, చెబుతాను. కానీ మధ్యలో కొన్నేళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు నా తల తిన్నవి ఆ రెండూ కావు. ఏ ప్రెస్ కొనాలి అన్నదే తినేసింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున గుచ్చిన, తడితే నిప్పు రాజేసే చిన్న ప్రైమర్, లోపల తుపాకి మందు, పైన గుండు. కాల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. కేసు మాత్రం చేతికి మిగులుతుంది. పేలుడికి ఉబ్బిన ఆ కేసుని మళ్లీ పాత కొలతకి నొక్కి, కాలిన ప్రైమర్‌ని తోసేసి కొత్తది ఎక్కించి, మందు కొలిచి పోసి, పైన కొత్త గుండు కూర్చోబెట్టడమే రీలోడింగ్. ఆ నొక్కుడు పనులన్నీ చేసే ఇనప యంత్రం ప్రెస్. అందులో బిగించే ఉక్కు అచ్చులు డైలు.

ఇక చట్టం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. అమ్ముకోవడానికి చేస్తే టైప్ 06 లైసెన్స్ తీసుకోవాలి. అయితే ఇదంతా తుపాకి ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ల సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. చాలామందికి తెలియని మెలిక ఇంకొకటుంది. విడి ప్రైమరు, ఖాళీ కేసు, మందు, గుండు, వీటిలో ఏదైనా సరే చట్టం దృష్టిలో తూటా కిందే లెక్క. అందుకే మా ఊరి తెలుగు కుర్రాడొకడు "అన్నా, వీకెండ్ వచ్చి నేనూ ఓ చెయ్యి వేస్తా" అంటే, వాడి వీసా సంగతి తెలుసు కాబట్టి వద్దన్నాను. "ముందు లాయర్‌ని అడిగిరా తమ్ముడూ, ఈ సరదా కోసం గ్రీన్ కార్డు ఫైలు పాడుచేసుకోకు" అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు, పర్లేదు. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడమే నేరం. కాబట్టి ఇది చదివి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఎవరూ ప్రయోగాలు మొదలుపెట్టొద్దు.

నేను మానేయడానికి కారణాల్లో పిల్లలు చిన్నవాళ్లు కావడం ఒకటి. ప్రైమర్లలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము చేతులకీ బట్టలకీ అంటుకుని ఇంట్లోకి వస్తుంది. రెండోది 2020. కరోనా మొదలైన కొన్నాళ్లకే దుకాణాల్లో ప్రైమర్లు మాయమైపోయాయి. వెయ్యి 30, 35 డాలర్లకి కొన్న సరుకుని ఎవడో 100 పైన అమ్ముతుంటే ఒళ్లు మండింది. ఉన్న డబ్బాలు సర్దేసి, బల్ల మీద దుప్పటి కప్పేశాను. ఇప్పుడు ప్రైమర్లు దొరుకుతున్నాయి. ధర మాత్రం పాత రోజులకి రాలేదు, మా దగ్గర వెయ్యి 70 నుంచి 90 మధ్య ఆడుతోంది.

మళ్లీ లాగింది క్యాంప్ పెర్రీ. ఈరీ సరస్సు ఒడ్డున, పోర్ట్ క్లింటన్ పక్కన ఉంటుంది. 1907 నుంచీ అక్కడ జాతీయ స్థాయి షూటింగ్ పోటీలు జరుగుతున్నాయి, ఇప్పుడు వాటిని సీఎంపీ అనే సంస్థ నడుపుతోంది. అదే సంస్థ సైన్యం వాడి వదిలేసిన ఎం-1 గారండ్ రైఫిళ్లని అర్హత ఉన్న అమెరికా పౌరులకి అమ్ముతుంది. నాకూ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పదాతి సైనికుడి చేతిలో ఉన్న రైఫిల్ అది. ఎనిమిది తూటాల క్లిప్పు, ఆఖరి తూటా పేలగానే టింగ్‌మని క్లిప్పు పైకి ఎగురుతుంది. గారండ్ మ్యాచ్ 200 గజాల దూరం నుంచి. గురి సరిచూసుకోవడానికి 5, లెక్కలోకి వచ్చేవి 30. చిన్న సంఖ్యలే. కానీ ఆ రైఫిల్‌కి ఏ తూటా పడితే అది పనికిరాదు, అక్కడే రీలోడింగ్ అవసరం మొదలవుతుంది.

గారండ్‌లో గొట్టం చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే గ్యాస్ కొంత అందులోంచి వచ్చి, ఆప్ రాడ్ అనే పొడుగాటి కడ్డీని వెనక్కి తోస్తుంది. ఖాళీ కేసు బయటికి ఎగరేయడం, కొత్త తూటా ఎక్కించడం అన్నీ ఆ కడ్డీ పనే. గారండ్‌లో పట్టే తూటా రకం పేరు .30-06. వేటకని అమ్మే ఈ కాలపు .30-06 తూటాల్లో చాలావాటిలో నెమ్మదిగా కాలే మందు ఉంటుంది. దాంతో ఆ రంధ్రం దగ్గర ఒత్తిడి ఎక్కువై కడ్డీ వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే గారండ్ వాళ్లంతా 4895, 4064 రకం మందుల చుట్టూనే తిరుగుతారు. అసలు 4895 పుట్టిందే యుద్ధకాలంలో ఈ తూటా కోసం. యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర గుట్టలుగా మిగిలిన ఆ మందుని కొని, తిరిగి అమ్ముతూ బ్రూస్ హాడ్జ్‌డన్ వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పటి హాడ్జ్‌డన్ కంపెనీ అలా వచ్చిందే. కొత్తవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి. ఐఎంఆర్ 4895 వేరు, హాడ్జ్‌డన్ పేరుతో వచ్చే హెచ్ 4895 వేరు. అంకె ఒకటే కదా అని ఒకదాని కొలత ఇంకోదానికి వాడకూడదు. కొలతలు నేనిక్కడ రాయను. అవి మాన్యువల్‌లో చూసుకోవాలి, ఎవరో చెప్పింది విని పోయకూడదు. హోర్నడీ మాన్యువల్‌లో గారండ్‌కి విడిగా ఒక భాగమే ఉంది.

దుప్పటి తీశాక ముందు చేసిన పని పాత సరుకు వాసన చూడటం. మంచి మందు మూత తీస్తే ఈథర్, స్పిరిట్ కలిసిన వాసన వస్తుంది. పాడైతే ముక్కు పుటాలు మండించే ఆమ్లం ఘాటు, కొన్నిసార్లు ఎర్రటి దుమ్ము కూడా కనిపిస్తుంది. నా డబ్బాల్లో ఒకటి ఘాటుగా ఉంది. మా ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి, ఎలా వదిలించుకోవాలో అడిగి అలాగే చేశాను. మిగిలినవి బాగున్నాయి. ప్రైమర్లు తడి తగలకుండా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తాయి, వాటికి బెంగ లేదు. క్లబ్బులో ఒకాయన తన పాత సరుకు ఇస్తూ పేరు లేని గాజు సీసాలో నల్లటి మందు కూడా ఇవ్వబోయాడు. దండం పెట్టి వద్దన్నాను. ఏ మందో తెలియనిది ఎంత ఖరీదైనదైనా చెత్తే.

మందు కంపెనీ డబ్బాలోనే ఉంచాలి, వేరే డబ్బాలో పోయకూడదు. ఇక్కడ చాలా ఊళ్లు పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 495 అనే అగ్నిభద్రత ప్రమాణం ప్రకారం ఇంట్లో 20 పౌన్ల వరకు మందు అసలు డబ్బాల్లో, 10,000 వరకు ప్రైమర్లు ఉంచుకోవచ్చు. నాకు అందులో నాలుగో వంతు కూడా ఉండవు. మందు, ప్రైమర్లు ఆన్‌లైన్‌లో కొంటే ప్రమాదకర సరుకు కింద రవాణాకి విడిగా రుసుము వేస్తారు. రెండు డబ్బాల కోసం అది కట్టడం దండగ, ఊళ్లో దొరికినప్పుడే కొనుక్కుంటాను.

ఇప్పుడు ప్రెస్. నా దగ్గర ఉన్నది ఆర్‌సీబీఎస్ కంపెనీ రాక్ చకర్, సింగిల్ స్టేజ్. ఒక్క డై పడుతుంది, హ్యాండిల్ దింపితే ఒక్క పని జరుగుతుంది. మా ఆవిడ దాన్ని మొదటిసారి చూసి "జంతికల గొట్టమేగా, బిళ్ల మార్చుకుంటూ నొక్కడమేగా" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. పోత ఇనుము. ఎంత గట్టి కేసైనా దాని మీటకి లొంగుతుంది. దానితో వచ్చిన ఇబ్బందులు రెండు. కాలిన ప్రైమర్లని పట్టే ప్లాస్టిక్ దొప్పలోంచి పదిలో ఒకటి నేల మీదకి దొర్లుతుంది, దానితో పాటు నల్లటి మసి. రెండోది నెమ్మది. ఓ పెట్టెడు కేసులన్నిటికీ ఒక పని చేసి, డై మార్చి, మళ్లీ అన్నిటికీ రెండో పని. పిస్టల్ తూటాలకి అది విసుగు పుట్టిస్తుంది.

పిస్టల్ తూటాలు ఎందుకంటే, నేను .45 కూడా కాలుస్తాను. బుల్స్ఐ అనే పాత పద్ధతి పోటీ, ఒంటిచేత్తో నిలబడి కాల్చాలి. దానికి మెత్తగా తన్నే తక్కువ మందు తూటా కావాలి, అది దుకాణంలో అంత సులువుగా దొరకదు. నెలకి రెండు మూడు వందల తూటాలు పోతాయి. ఇక 9 ఎంఎం చేద్దామా అని లెక్కేశాను. ప్రైమర్‌కి 8 సెంట్లు, గుండుకి 9, 10, మందుకి మరో 3, 4. మొత్తం 20 సెంట్లు దాటుతోంది. డబ్బాల్లో కొత్త తూటాలు 25 దగ్గర దొరుకుతున్నాయి. ఆ మిగులు కోసం వారాంతాలు బల్ల దగ్గర గడపాలా? 9 ఎంఎం కొనుక్కోవడమే మేలని తేల్చేశాను. ఈ లెక్క ముందు వేసుకోవడం చాలా మంచిదైంది. ఎందుకంటే ఏ దుకాణానికి వెళ్లినా, క్లబ్బులో ఎవరిని అడిగినా మొదట చెప్పేది ప్రోగ్రెసివ్ ప్రెస్ కొనమనే.

ప్రోగ్రెసివ్ అంటే గుండ్రటి పళ్లెంలో నాలుగైదు కేసులు ఒకేసారి తిరుగుతాయి. హ్యాండిల్ ఒక్కసారి దింపితే ఒక కేసు నొక్కుడు పడుతుంది, ఇంకోదాంట్లో మందు పడుతుంది, మూడోదాని మీద గుండు కూర్చుంటుంది, పూర్తయినది డబ్బాలో పడుతుంది. ఇందులో డిల్లన్ పేరు మోగిపోతుంది. 550 నాలుగు స్థానాలది, పళ్లెం చేత్తో తిప్పాలి. 750 ఐదు స్థానాలది, దానంతటదే తిరుగుతుంది. హోర్నడీ వాళ్ల ఏపీ అనే ప్రెస్ కూడా ఐదు స్థానాలదే. అందులో పళ్లెం హ్యాండిల్ ఎక్కేటప్పుడు సగం, దిగేటప్పుడు సగం తిరగడం వల్ల కుదుపు తక్కువ, మందు ఒలకదు. లీ కంపెనీ చవకగా ఆరు స్థానాల సిక్స్ ప్యాక్ ప్రో తెచ్చింది.

క్లబ్బు మిత్రుడి ఇంట్లో ఒక మధ్యాహ్నం డిల్లన్ 550 మీద కూర్చున్నాను. మంచి యంత్రం, అనుమానం లేదు. హ్యాండిల్ దింపగానే అన్నీ మెత్తగా కదులుతాయి, హ్యాండిల్‌ని ముందుకి తోస్తే ప్రైమర్ కూర్చుంటుంది. ఊపు అందుకున్నాక వదలబుద్ధి కాదు. ఆ ఊపులోనే నాకు అసలు సమస్య కనపడింది. .45 కేసుల్లో రెండు రకాలున్నాయి. పాతవాటికి పెద్ద ప్రైమర్. ఈమధ్య కొన్ని కంపెనీలు చిన్న ప్రైమర్ పట్టే కేసులు కూడా చేస్తున్నాయి. బయట చూడ్డానికి రెండూ ఒకటే. రేంజ్‌లో ఏరుకొచ్చిన గుట్టలో ఒకటి కలిసిందంటే, పెద్ద ప్రైమర్‌ని చిన్న గుంటలోకి తోస్తున్నట్టే. చెయ్యి ఆ గట్టిదనం గమనించి ఆగకపోతే ప్రైమర్ నలిగి పేలొచ్చు. మిత్రుడు ముందే అన్నీ వేరు చేసి ఉంచాడు, ఎందుకంటే ఆయన రిటైరైన మనిషి, దానికి ఆయనకి ఓపికుంది. ఒక్క కేసు కోసం మధ్యలో ఆగితే, మిగిలిన మూడు కేసులు ఏ దశలో ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలి. పైగా 550లో పళ్లెం తిప్పడం మరిచిపోతే అదే కేసులో మందు రెండోసారి పడుతుంది. .45 లాంటి కేసులో త్వరగా కాలే మందు అడుగున కాస్తే ఉంటుంది, రెండింతలు పడినా పొంగిపొర్లదు. అది తుపాకిని పేల్చేస్తుంది. మందు పడకపోతే ఇంకో గొడవ. ప్రైమర్ ఒక్కదాని బలంతో గుండు గొట్టంలోకి పోయి ఇరుక్కుంటుంది, వెనకే ఇంకోటి కాల్చామా, అంతే సంగతులు.

ఇవన్నీ ప్రోగ్రెసివ్‌లకి తెలియని ప్రమాదాలు కావు. మందు మట్టం చూసి గంట కొట్టే పరికరం పెట్టుకోవచ్చు, ఆర్‌సీబీఎస్ వాళ్లదైతే తేడా వస్తే హ్యాండిల్‌నే ఆపేస్తుంది. నెలకి రెండువేలు కాల్చేవాళ్లు అలాగే చేస్తారు, క్షేమంగానే ఉంటారు. నా సంగతి వేరు. పైనుంచి పిల్లాడు "నాన్నా, వైఫై రావట్లేదు" అని అరుస్తాడు, లేకపోతే ఇండియా నుంచి అమ్మ ఫోన్. నడుమ లేచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు ఏ కేసులో ఏముందో అనుమానం లేకుండా తెలియాలి. ప్రెస్ ఎంపికలో నాకు అసలు కొలబద్ద అదే అయింది. గంటకి ఎన్ని తూటాలన్నది పక్కన పెట్టేశాను.

అలా చూస్తే మిగిలింది టరెట్ రకం. పైన తిరిగే చక్రంలో నాలుగో, ఏడో డైలు బిగించి ఉంటాయి. కింద కేసు ఒక్కటే. అదే కేసు అన్ని పనులూ పూర్తయి తూటాగా బయటికి వచ్చాకే రెండోది ఎక్కుతుంది. మధ్యలో లేచినా ఒక్క కేసు తీసి పక్కన పెడితే చాలు. రెడ్డింగ్ టీ-7 చూశాను, ఏడు రంధ్రాలు, బరువైన పోత ఇనుము, చక్రం చేత్తో తిప్పాలి. ముచ్చటేసింది గానీ ధర చూసి కింద పెట్టేశాను. లీ క్లాసిక్ టరెట్ దానిలో సగానికంటే తక్కువ. నాలుగు రంధ్రాల చక్రం, లోపల ఒక చదరపు కడ్డీ ఉండి హ్యాండిల్ కదిలినప్పుడల్లా చక్రాన్ని దానంతటదే తిప్పుతుంది. చక్రం కాస్త అటూ ఇటూ ఆడుతుందని విమర్శ ఉంది, నిజమే, వేలితో కదిపితే తెలుస్తుంది. .45కి ఆ ఆట లెక్కలోకి రాదు. ఇంకో మంచి సంగతి ఏంటంటే కాలిన ప్రైమర్లు కింది ఇరుసు లోపలి నుంచే జారి ప్లాస్టిక్ గొట్టంలోకి పోతాయి. నేల మీద ఒక్కటి కూడా పడదు. రాక్ చకర్‌తో ఏళ్లు గడిపినవాడికి ఇది పండగే.

ఫోర్‌స్టర్ కో-ఆక్స్ మీద కూడా మనసు పోయింది, ఒప్పుకోవాలి. డైలు తిప్పి బిగించే పని లేదు, ముందు నుంచి తోస్తే చాలు. కేసుని పట్టే దవడలు వాటంతటవే సర్దుకుంటాయి. రైఫిల్ తూటాలు గీత గీసినట్టు నిటారుగా వస్తాయంటారు. కానీ 200 గజాల్లో, టెలిస్కోప్ లేని ఇనప సైట్లతో, ఎనభై ఏళ్ల వయసున్న రైఫిల్‌తో కాల్చేవాడికి ఆ సన్నటి తేడా టార్గెట్ మీద కనపడదు. 600 గజాలకి కాల్చేవాళ్లకి చెప్పొచ్చు, నాకు అది షోకు.

చివరికి పాత రాక్ చకర్‌ని .30-06కి ఉంచుకుని, .45కి లీ టరెట్ కొన్నాను. కొత్త డైలు కొననక్కర్లేదు. చాలా ప్రెస్‌లలో డై మర ఒకటే, 7/8 అంగుళం మందం, అంగుళానికి 14 చుట్లు. ఏ కంపెనీ డై అయినా దాదాపు ఏ ప్రెస్‌లోనైనా దిగుతుంది.

బల్ల గురించి ఎవరూ పట్టించుకోరు, నేను గట్టిగా చెబుతాను. .30-06 కేసుని నొక్కేటప్పుడు హ్యాండిల్ మీద పెట్టే బలానికి తేలికపాటి బల్ల ముందు కాళ్లు లేస్తాయి. నా పాత బల్లని గోడలోని కట్టెకి బోల్టులతో బిగించి, పైన రెండు పొరల ప్లైవుడ్ వేశాను. ప్రెస్ బోల్టుల కింద వెడల్పాటి వాషర్లు వేశాను. ఇప్పుడు కదలదు. త్రాసుని మాత్రం బేస్‌మెంట్‌లో ఫర్నేస్ గాలి తగలని మూలకి జరపాల్సి వచ్చింది. ఎలక్ట్రానిక్ త్రాసు అంకె గాలికీ, ట్యూబ్ లైటుకీ ఊగుతుంది. ఒక పౌనులో 7,000 గ్రెయిన్లు ఉంటాయి, మనం కొలిచేది గ్రెయిన్‌లో పదో వంతు వరకు. అందుకే పాత పద్ధతి కాడ త్రాసు కూడా పక్కన ఉంచుకుని, మధ్యమధ్యలో రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తాను.

గారండ్ తూటాల్లో నేను తొందరపడని చోట్లు రెండు. మొదటిది ప్రైమర్. గారండ్‌లో ప్రైమర్‌ని పొడిచే ఫైరింగ్ పిన్‌ని ఆపే స్ప్రింగ్ లేదు. తూటాని గొట్టంలోకి తోసే బోల్టు అనే భాగం ముందుకి దూకినప్పుడు పిన్ కూడా వెళ్లి ప్రైమర్‌ని చిన్నగా తడుతుంది. ప్రైమర్ కేసు అడుగుకంటే ఒక వెంట్రుక పైకి ఉంటే, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలొచ్చు. అందుకని ప్రెస్ మీద కాకుండా చేత్తో నొక్కే చిన్న పరికరంతో కూర్చోబెడతాను. దాంతో అడుగు తాకిన సంగతి బొటనవేలికి తెలుస్తుంది. తర్వాత ప్రతి కేసు అడుగునా వేలు రాస్తాను, గుంట తగలాలి, ఎత్తు తగలకూడదు. ప్రైమర్ కూడా సీసీఐ 34 వాడతాను. సైనిక రైఫిళ్ల కోసం కొంచెం గట్టిగా చేసినవి అవి.

రెండోది పేపర్ క్లిప్. గారండ్ ఖాళీ కేసుని చాలా మొరటుగా బయటికి లాగుతుంది. ప్రతిసారీ కేసు అడుగుకి కొంచెం పైన లోహం సాగి పలచబడుతుంది. పైకి ఏమీ కనపడదు. క్లిప్పుని తిన్నగా చేసి, మొనని కొంకిలా వంచి కేసులోకి దింపి, అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగితే, పలచబడిన చోట కొంకి చిన్న గాడిలో తట్టుకుంటుంది. తట్టుకుందంటే ఆ కేసుని ప్లయర్‌తో నలిపి చెత్తలో వేయడమే. ఉంచితే ఇంకోసారి రైఫిల్లోనే రెండు ముక్కలవుతుంది. నా దగ్గర ఎక్కువగా ఉన్నవి సీఎంపీ వాళ్లు ఒకప్పుడు అమ్మిన గ్రీకు సైన్యం తూటాల కేసులు, అడుగున హెచ్ఎక్స్‌పీ అని ముద్ర ఉంటుంది. గట్టి ఇత్తడి. వాటినైనా నాలుగు వాడకాలు దాటనివ్వను. లేక్ సిటీ అనే అమెరికా సైనిక తూటాల ఫ్యాక్టరీ కేసులైతే ప్రైమర్ చుట్టూ సైన్యం వేసిన నొక్కు ఉంటుంది, దాన్ని ముందు చెక్కితే గానీ కొత్త ప్రైమర్ దిగదు. కేసు పొడుగు 2.494 అంగుళాలు దాటకూడదు, నేను 2.484కి కోస్తాను. ఈ పనులేవీ ఏ ప్రెస్సూ చెయ్యదు. అందుకే రైఫిల్‌కి వేగం ఉన్న ప్రెస్ కొని లాభం లేదనిపించింది. నిమిషాలు తినే పని ప్రెస్ మీద లేదు, బయట ఉంది.

కేసులు శుభ్రం చేసే పద్ధతి మార్చాను. ఇదివరకు చెక్కపొట్టులో ఆడించేవాణ్ని, దుమ్ము లేచేది. ఇప్పుడు నీళ్లు, కాస్త సబ్బు, స్టీలు సూదులు వేసి తిరిగే డ్రమ్ములో వేస్తాను. సీసం నీళ్లలోనే ఉండిపోతుంది, ఇత్తడి కొత్తదానిలా మెరుస్తుంది. మా ఆవిడ పెట్టిన షరతులు వేరే ఉన్నాయి. "ఏవండీ, ఆ కిందనున్న బట్టలతో పైకి రావద్దు, పిల్లల బట్టలతో కలిపి ఉతకను" అంది. బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఒక పాత చొక్కా, వేరే చెప్పులు, చేతులు కడుక్కోవడానికి సీసం వదిలించే సబ్బు పెట్టుకున్నాను. కింద టీ తాగడం, పల్లీలు నమలడం బంద్. ఏటా రక్తపరీక్ష చేయించుకునేటప్పుడు సీసం కూడా చూడమని డాక్టర్‌కి చెప్పాను, ఆయన ఆశ్చర్యపోలేదు. ఒహాయో కదా, ఇలాంటివాళ్లు ఆయనకి కొత్త కాదు.

టరెట్ మీద .45 ఇప్పుడు గంటకి ఓ వంద నిదానంగా వస్తున్నాయి. మందు పడ్డ ప్రతి కేసులోకి పైన పెట్టిన చిన్న ఎల్ఈడీ లైటు వెలుతురులో తొంగి చూసి, అప్పుడే గుండు పెడతాను. చిన్న ప్రైమర్ కేసు వస్తే హ్యాండిల్ దగ్గరే తెలిసిపోతుంది. తీసి పక్క డబ్బాలో పడేస్తాను. ఆ డబ్బా నిండాక దానికోసం మళ్లీ చిన్న ప్రైమర్లు కొనాలా, లేక ఎవరికైనా ఇచ్చేయాలా అన్నది తేల్చుకోలేదు. ఈ లోపు గుండ్ల ధర ఇంకోసారి పెరిగింది. వేసవి మ్యాచ్‌కి సరిపడా 168 గ్రెయిన్ల గుండ్లు ముందే కొని పెట్టుకోవడం ఒక్కటే నేను ఈసారి చేసిన తెలివైన కొనుగోలు.